విగ్రహం మొహం సరే, ఆ రాత్రి సంగతేంటి?

2024 అక్టోబరు చివర్లో మయామిలో డ్వేన్ వేడ్ విగ్రహం ఆవిష్కరించారు. బాస్కెట్‌బాల్ అంటే ఆసక్తి లేనివాళ్ళకి కూడా ఆ ఫోటో ఏదో ఒక గ్రూపులో వచ్చే ఉంటుంది. నోరు తెరిచి అరుస్తున్న కంచు మనిషి. జెర్సీ వేడ్‌ది, మొహం మాత్రం వేడ్‌ది కాదు. "మ్యాట్రిక్స్ సినిమాలో మార్ఫియస్‌కి హీట్ జెర్సీ తొడిగారు" అని ఒకటే జోకులు. దాన్ని చూసి వేడ్ కూడా "ఎవరీయన?" అని నవ్వేశాడు. మా ఆఫీసు గ్రూపులో రెండ్రోజులపాటు ఇదే గోల. నా వంతుగా నేనూ రెండు బొమ్మలు ఫార్వార్డ్ చేశాను, అబద్ధమెందుకు.

మూడో రోజు ఊరుకోలేక గ్రూపులో అడిగాను, "ఇంతకీ ఆ అరుపు ఏ మ్యాచ్‌లోది?" అని. ఒకరు 2006 ఫైనల్స్ అన్నారు. ఇంకొకరు లెబ్రాన్ జేమ్స్‌తో కలిసి కప్పు కొట్టినప్పటిది అన్నారు. రెండూ తప్పే. అది 2009 మార్చి 9 రాత్రి, లీగ్ దశలో ఒక మామూలు మ్యాచ్. ఆ ఏడాది మయామి కప్పు గెలవలేదు, ఫైనల్‌కి పోలేదు, ప్లేఆఫ్స్‌లో మొదటి రౌండు కూడా దాటలేదు. మూడు కప్పులు గెలిచిన మనిషికి విగ్రహం పెడుతూ, కప్పు రాని ఏడాదిలోని క్షణాన్ని తీసుకున్నారు! అసలు మాట్లాడుకోవాల్సింది దాని గురించి. మనమేమో మొహం దగ్గరే ఆగిపోయాం.

చెప్పొచ్చేదేంటంటే, వేడ్ జీవితంలో అత్యుత్తమ సీజన్ 2006 కాదు, 2012 కాదు, 2013 కాదు. 2008-09. గార్డు స్థానంలో ఆడేవాళ్ళలో ఎవరైనా ఆడిన గొప్ప సీజన్ల జాబితా రాస్తే అది పై వరసల్లోనే ఉండాలి. ఉండదు. ఎందుకుండదో నాకు తెలుసు, మీక్కూడా తెలుసు. అయినా రాస్తున్నాను.

ముందు కథ. 2006లో వేడ్ డల్లాస్ మీద ఫైనల్స్ గెలిపించాడు. మొదటి రెండు మ్యాచులు ఓడిపోయాక వరసగా నాలుగు గెలిచారు. సగటున 34.7 పాయింట్లు. అప్పటికి అతనికి 24 ఏళ్ళు. ఆ తర్వాత అన్నీ విరగడమే. 2007 ఫిబ్రవరిలో ఎడమ భుజం స్థానం తప్పింది. ఆ మేలో భుజానికీ మోకాలికీ కూడా ఆపరేషన్లు. 2007-08లో 51 మ్యాచులు మాత్రమే ఆడగలిగాడు. షకీల్ ఓనీల్‌ని మధ్యలో ఫీనిక్స్‌కి పంపేశారు. మయామి ఆ సీజన్లో 82 మ్యాచులకి గెలిచినవి 15. అవును, పదిహేనే. లీగ్ మొత్తంలో అట్టడుగు. వేడ్ పని అయిపోయిందని అనుకున్నవాళ్ళకి కొదవలేదు.

కోచ్ పాట్ రైలీ తప్పుకుని ఎరిక్ స్పోల్‌స్ట్రాకి పగ్గాలిచ్చాడు. అప్పటికి అతనికి 37 ఏళ్ళు. 1995లో అదే సంస్థలో వీడియో గదిలో టేపులు చూసుకునే ఉద్యోగంతో మొదలుపెట్టినవాడు. మన భాషలో చెప్పాలంటే సపోర్టులో లాగ్స్ చూస్తూ చేరి డైరెక్టరైన మనిషి. హెడ్ కోచ్‌గా అతనికి అదే మొదటి ఏడాది. జట్టులో ముఖ్యులెవరయ్యా అంటే, అప్పుడే కాలేజీ నుంచి వచ్చిన మైకేల్ బీస్లీ, మారియో చామర్స్. నమ్మకస్తుడు యుడోనిస్ హాస్లెమ్. ఫిబ్రవరి దాకా షాన్ మారియన్. తర్వాత అతన్ని టొరంటోకి ఇచ్చి తెచ్చుకున్న, అప్పటికే గాయాలతో అలసిపోయిన జెర్మెయిన్ ఓనీల్. ఇదీ రిసోర్స్ అలకేషన్. ఇద్దరు ఫ్రెషర్లు, ఒక నోటీసు పీరియడ్ కేసు, ఒక లీడ్.

ఆ లీడ్ ఏం చేశాడంటే, ముందు 2008 వేసవిలో చికాగోలో టిమ్ గ్రోవర్ దగ్గర (మైకేల్ జోర్డన్‌కి శిక్షణ ఇచ్చినాయనే) ఒళ్ళు బాగుచేసుకున్నాడు. బీజింగ్ ఒలింపిక్స్‌లో బెంచి మీంచి లేచొచ్చి ఆడి, కోబీ, లెబ్రాన్ ఉన్న ఆ అమెరికా జట్టులో అందరికన్నా ఎక్కువ పాయింట్లు చేశాడు. స్పెయిన్‌తో ఫైనల్లో 27. అక్కణ్ణుంచి నేరుగా సీజన్లోకి.

ఇప్పుడు అంకెలు. 79 మ్యాచులు, సగటున 30.2 పాయింట్లు. లీగ్‌లో అదే అత్యధికం. వేడ్‌కి స్కోరింగ్ టైటిల్ వచ్చింది జీవితంలో ఆ ఒక్కసారే. దాంతోపాటు మ్యాచుకి 7.5 అసిస్టులు, 5 రీబౌండ్లు, 2.2 స్టీల్స్, 1.3 బ్లాకులు. ఆట తెలియనివాళ్ళ కోసం చెప్తున్నా, అసిస్ట్ అంటే పక్కవాడి చేత బుట్టలో వేయించడం. స్టీల్ అంటే అవతలివాడి దగ్గర బంతి కొట్టేయడం. బ్లాక్ అంటే అవతలివాడు వేస్తుంటే గాల్లోనే అడ్డుకోవడం. ఈ చివరిది మామూలుగా ఏడడుగుల మనుషుల పని. వేడ్ ఎత్తు ఆరడుగుల నాలుగంగుళాలు. ఆ ఏడాది 106 బ్లాకులు చేశాడు.

ఒకే సీజన్లో 2000 పాయింట్లు, 500 అసిస్టులు, 100 స్టీల్స్, 100 బ్లాకులు. ఈ నాలుగూ కలిపి అప్పటిదాకా ఎన్‌బీఏలో ఎవ్వరూ చేయలేదు. మొదటివాడు వేడ్. "మరి జోర్డన్?" అంటారు కదా. నేనూ అలాగే అనుకుని ఒక ఆదివారం కూర్చుని టేబుల్స్ తిరగేశాను. జోర్డన్ 1987-88లో దాదాపు చేసేశాడు. అసిస్టులు 485 దగ్గర ఆగిపోయాయి. మరుసటేడు అసిస్టులు 650 చేశాడు గానీ బ్లాకులు 65కి పడిపోయాయి. లెబ్రాన్ కూడా సరిగ్గా ఇదే 2008-09లో గుమ్మం దాకా వచ్చి 93 బ్లాకులతో ఆగాడు. ఇలా వెతుక్కుంటూ పోతే నాకు తెల్లారిపోయింది. సోమవారం స్టాండప్‌లో ఏం చెప్పానో గుర్తు లేదు. :)

అంకెలతో ఒక చిక్కుంది. అవి చదువుతుంటే అన్నీ ఒకేలా కనిపిస్తాయి. అందుకే ఫిబ్రవరి 22 నుంచి మార్చి 14 వరకు, ఆ మూడు వారాలు మాత్రం విడిగా చెప్తాను.

ఫిబ్రవరి 22న ఒర్లాండోలో వేడ్ 50 పాయింట్లు చేశాడు. మయామి 122-99 తేడాతో చిత్తుగా ఓడింది. చూడండి, జట్టు మొత్తం చేసినవి 99, అందులో సగం ఒక్కడివే. ఆరు రోజుల తర్వాత న్యూయార్క్ మీద వెనకబడిపోయిన మ్యాచ్‌ని, నాలుగో క్వార్టర్ ఒక్కదాంట్లోనే 24 పాయింట్లు చేసి లాక్కొచ్చాడు. మొత్తం 46. మార్చి 14న యూటాతో మూడు ఓవర్‌టైంలు ఆడి 50 పాయింట్లు, 10 రీబౌండ్లు, 9 అసిస్టులు. గెలిచారు.

వీటి మధ్యలో మార్చి 9, చికాగోతో. వేడ్ పుట్టి పెరిగింది ఆ చికాగో చుట్టుపక్కలే. మ్యాచ్ రెండు ఓవర్‌టైంలకి వెళ్ళింది. స్కోరు 127-127. మిగిలింది కొన్ని సెకన్లు. బంతి చికాగో చేతిలో ఉంది, జాన్ సాల్మన్స్ ఆడిస్తున్నాడు. ఆ పరిస్థితిలో ఎవరైనా ఏం చేస్తారు? ఎదురుగా నిలబడి, వాడు వేసే షాట్ తప్పిపోవాలని దేవుడికి దండం పెట్టుకుంటారు. వేడ్ చెయ్యి పెట్టి బంతి లాగేశాడు. అవతలి వైపుకి పరిగెత్తాడు. టైము అయిపోతోందని తెలిసి, ఆ పరుగులోనే, ఒంటికాలి మీద, మూడు పాయింట్ల గీత అవతల్నుంచే విసిరేశాడు. పడింది. 130-127. స్కోరర్ల బల్ల ఎక్కి "ఇది నా ఇల్లు" అని అరిచాడు. ఆ రాత్రి అతని లెక్క 48 పాయింట్లు, 12 అసిస్టులు.

విగ్రహంలో ఉన్నది ఆ అరుపే.

సీజన్ చివరికి మయామి 43 గెలిచింది. 15 నుంచి 43. ఏప్రిల్ 12న న్యూయార్క్ మీద 55 కొట్టాడు, అది అతని కెరీర్‌లోనే అత్యధికం. తర్వాత ప్లేఆఫ్స్ మొదటి రౌండు అట్లాంటాతో. ఏడు మ్యాచులదాకా లాగి, ఏడోది 91-78తో ఓడిపోయారు. అయిపోయింది.

మా పెదనాన్న కొడుకు అప్పుడు అట్లాంటాలో ఉండేవాడు. హెచ్‌1బీ, మాంద్యం రోజులు, ప్రాజెక్టు ఎప్పుడు ఊడుతుందో తెలీదు. ఆఫీసులో ఎవరో ఇస్తే ఆ సిరీస్‌లో ఒక మ్యాచ్‌కి వెళ్ళాడట, పైకప్పుకి దగ్గరగా ఉండే సీట్లు. నాకీ ఆట పిచ్చి పట్టించింది ఆయనే. "వేడ్ ఒక్కడే ఆడ్డానికొచ్చాడ్రా, మిగతావాళ్ళు మాలాగే చూడ్డానికొచ్చారు" అనేవాడు. హాస్లెమ్ అభిమానులు క్షమించాలి, అన్నయ్య కాస్త ఎక్కువ చేసి చెప్తాడు.

ఇక ఆ ఏడాది ఎంవీపీ లెబ్రాన్‌కి వెళ్ళింది. 121 మొదటి ఓట్లలో 109 అతనికే. రెండో స్థానం కోబీ, మూడో స్థానం వేడ్. ఇక్కడ నేను "అన్యాయం!" అని కేక పెడతానని మీరు ఎదురుచూస్తుంటే, సారీ. లెబ్రాన్‌కి రావడం న్యాయమే. క్లీవ్‌లాండ్ 66 గెలిచింది. ఆటగాడి మొత్తం పనిని ఒక్క అంకెలోకి కుదించే పీఈఆర్ అనే కొలతలో (సగటు ఆటగాడికి 15 వస్తుంది) లెబ్రాన్‌ది 31.7, వేడ్‌ది 30.4. కోబీ విషయంలో మాత్రం నాకు అభ్యంతరం ఉంది. అతని సగటు 26.8, జట్టు విజయాలు 65. అతన్ని వేడ్ కన్నా పైన పెట్టింది ఆ 65, ఆట కాదు. కోబీ అభిమానులు ఇక మొదలుపెట్టండి, నేను రెడీ.

నా బాధ అవార్డు గురించి కాదు, మర్చిపోవడం గురించి. లెబ్రాన్‌కి ఎంవీపీ వచ్చింది, కోబీకి కప్పొచ్చింది. ఇద్దరి పేర్లూ ఎక్కడో ఒకచోట చెక్కబడ్డాయి. వేడ్‌కి మిగిలింది స్కోరింగ్ టైటిలూ, ఒక ఓటమీ. పైగా అటు 2006, ఇటు 2010. రెండు కొండల మధ్య లోయలో ఉంది ఈ సీజన్. ఆ దారిన పోయేవాళ్ళు కొండల్ని చూస్తూ దాటిపోతారు.

దీనికి ఎదురువాదన ఒకటుంది, గట్టిదే. "చచ్చుజట్టులో ఎవడైనా కొడతాడు, బంతి ఎప్పుడూ వాడి చేతిలోనే ఉంటుంది కదా" అని. కొంత నిజం. మయామి ఆడే ప్రతి ఎత్తూ వేడ్ చేతిలోంచే పోయేది. 15 నుంచి 43 అన్నదాంట్లో కూడా కొంత పెంపు ఉంది, వేడ్ మూడో వంతుకి పైగా మ్యాచుల్లో లేకపోవడం వల్లే కదా అది 15కి పడింది. కానీ బంతి చేతిలో ఉన్నందుకు పాయింట్లు వస్తాయేమో, బ్లాకులు రావు. స్టీల్స్ రావు. అటువైపు 38, 39 నిమిషాలు భారం మోసి అలిసిపోయిన మనిషి ఇటువైపుకొచ్చి గాల్లోకి లేచి అడ్డుకోనక్కర్లేదు. చాలామంది స్టార్లు అక్కడే ఊపిరి తీసుకుంటారు. వేడ్‌కి ఆ ఏడాది డిఫెన్సివ్ రెండో జట్టులో చోటు దక్కింది.

మనకి దగ్గర ఉదాహరణ కావాలంటే అదే 2009లో నవంబరు 5, ఉప్పల్. నేనప్పుడు ఏడో తరగతి. ఆస్ట్రేలియా మీద 351 కొట్టాలి, సచిన్ 141 బంతుల్లో 175. మూడు పరుగుల తేడాతో ఓడిపోయాం. ఆ ఇన్నింగ్స్‌ని హైదరాబాదు మర్చిపోలేదు, ఎందుకంటే సచిన్ కాబట్టి, మన గ్రౌండు కాబట్టి. మరి లక్ష్మణ్? కోల్‌కతాలో 281 నిద్రలో లేపి అడిగినా చెప్తాం. దానికి ఏడాది ముందు, 2000 జనవరిలో సిడ్నీలో కొట్టిన 167 ఎంతమందికి గుర్తుంది? జట్టు మొత్తం 261, అందులో 167 అతనివి. ఇన్నింగ్స్ తేడాతో ఓడిపోయాం. బౌలర్లు ఇంచుమించు వాళ్ళే, బ్యాటు అదే, మణికట్టు అదే. ఒకటి పాఠమయింది, ఒకటి క్విజ్ ప్రశ్నయింది.

ఇప్పుడు అసలు ఎందుకు ఇదంతా తవ్వుతున్నానో చెప్పాలి.

పోయినేడు మొట్టమొదటిసారి రేటింగుల మీటింగులో నన్ను కూర్చోబెట్టారు, లీడ్ అయ్యాను కదా అని. మా టీంలో ఒకాయన ఉన్నారు, నాకన్నా పదేళ్ళు పెద్ద. నేను అన్నా అని పిలుస్తాను. పాత బిల్లింగ్ సిస్టమొకటి ఆయన చేతిలో ఉండేది. దాన్ని రాసినవాళ్ళెవరూ కంపెనీలో లేరు. ఆయనతో ఉన్న ఇద్దరూ మానేస్తే వాళ్ళ స్థానంలో ఎవర్నీ ఇవ్వలేదు. ఏడాదంతా రాత్రి కాల్స్ ఆయనే, ఫిక్సులు ఆయనే, కొత్త సిస్టంలోకి డేటా మార్చడం ఆయనే. ఒక్క రికార్డు పోలేదు. చివరికి క్లయింటు కాంట్రాక్టే రద్దు చేసుకున్నాడు, దానికీ ఈయన పనికీ ఏ సంబంధమూ లేదు. మీటింగులో ఆయన పేరు రాగానే మేనేజర్, "ప్రాజెక్టే పోయింది కదా, ఔట్‌స్టాండింగ్ అని ఎలా ఇస్తాం?" అన్నారు. అందరూ తలూపారు. నేనూ ఊపాను. ఆయన పేరు దాటి పోవడానికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

ఆ ఔట్‌స్టాండింగ్ ఎవరికి వచ్చిందో చెప్పనా? నాకు. నేను చేసిన పని తీసిపారేసేది కాదు, కానీ మా ప్రాజెక్టులో పదకొండు మందిమి, పైవాళ్ళ కళ్ళన్నీ దాని మీదే. 66 గెలిచే జట్టన్నమాట. లెబ్రాన్‌ని కాదు గానీ, ఆ జట్టు బెంచి మీదున్నాను.

ఆ మీటింగులో నేను అడగాల్సింది ఒకటే. "ఆయన కాకుండా ఆ కుర్చీలో మనలో ఎవరున్నా ఏమయ్యేది?" అని. 2009లో మయామికి వేడ్ లేకపోతే ఏమయ్యేదో ఊహించనక్కర్లేదు, ముందటేడు మూడో వంతుకి పైగా మ్యాచులు అతను లేకుండా ఆడి చూశారు. మాకూ అలా చూసే వీలుంటే బాగుండేది. నేను అడగలేదు. కొత్త లీడ్‌ని, మొదటి మీటింగు, నోరు పెగల్లేదు. ఇవన్నీ సాకులే.

వేడ్ మాత్రం ఆ ఏడాది నుంచి ఏం నేర్చుకున్నాడో 2010 జూలైలో తెలిసింది. లెబ్రాన్, క్రిస్ బాష్ మయామి వచ్చారు. ముగ్గురూ తమకి రాగలిగినదానికన్నా కొంచెం తక్కువ జీతానికే ఒప్పుకున్నారు. "ఇది నా ఇల్లు" అని అరిచిన పదహారు నెలలకి ఆ ఇంట్లో పెద్ద గది లెబ్రాన్‌కి ఇచ్చేసి తను పక్క గదిలోకి మారాడు. 30.2 ఉన్న సగటు 2012-13 నాటికి 21.2కి దిగింది. కప్పులు రెండొచ్చాయి. ఎవరూ అతన్ని తప్పు పట్టలేదు, నేనూ పట్టను. ఒక్కడే మొత్తం మోసి చూశాడు, 43 విజయాలూ ఏడో మ్యాచులో ఓటమీ, దాని ధర ఎంతో మోకాలికి తెలుసు. కాకపోతే ఆ నిర్ణయంతో 2008-09 ఇంకా లోతుకి పోయింది. ఇప్పుడెవరైనా వేడ్ అంటే "లెబ్రాన్ పార్ట్‌నర్" అంటారు. ఆ ఒక్క ఏడాది అతను ఎవరికీ పార్ట్‌నర్ కాదు.

పోయిన వారం టీకి కిందకి దిగినప్పుడు అన్నకి ఆ చికాగో మ్యాచ్ క్లిప్పు చూపించాను. ఆయనకి బాస్కెట్‌బాల్ తెలీదు. ఆ మీటింగులో నేనున్నానని మాత్రం తెలుసు. ఒంటికాలి షాట్ దగ్గర నేను ఉత్సాహంగా ఫోను ఆయన మొహం మీదకి జరిపాను. బంతి పడింది, వేడ్ బల్లెక్కాడు, జనం ఊగిపోతున్నారు.

"వేసింది సరేగానీ తమ్ముడూ, దానికి ముందు ఆ బంతి లాక్కున్నాడు చూడు, అక్కడికి తిప్పు" అన్నారు.

వెనక్కి తిప్పాను. మళ్ళీ తిప్పమన్నారు. మూడోసారి ఫోను తన చేతిలోకి తీసుకుని, సాల్మన్స్ చేతిలోంచి బంతి జారే చోట వేలితో ఆపి, కళ్ళజోడు పైకి తోసుకుని చూస్తూ ఉండిపోయారు. నా టీ చల్లారిపోయింది.

"ఇలాంటివి ఆ ఏడాది ఎన్ని చేశాడు?" అని అడిగారు.

173 అని చెప్పాను.